సెంట్రల్ లైన్ మీద గాజ్ గుడ్డా, పారదర్శక ఫిల్మా?

శ్రీకాకుళం జిల్లా ఐసీయూల్లో మెడ లైన్లు (మెడ సిర గుండా గుండె దగ్గరి పెద్ద సిరలోకి వేసే సెంట్రల్ లైన్ గొట్టాలు) ఎక్కువగా కనిపించడానికి కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం ఒక కారణం కావచ్చు. కిడ్నీ రోగికి ముందుముందు చేతిలో ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలపడం) వేయాల్సి రావచ్చు. కాలర్ ఎముక కింది సిరలో లైన్ వేస్తే ఆ సిర సన్నబడి ఫిస్టులాకు అడ్డు రావచ్చు. అందుకే మెడలో వేస్తారు. డ్రెస్సింగ్ నిలవడం కష్టమయ్యేదీ అక్కడే: గడ్డం వెంట్రుకలు, తల తిప్పడం, తీరపు ఉక్కపోత.

పారదర్శక ఫిల్మ్ వేస్తే గొట్టం లోపలికి వెళ్లే చోటు విప్పకుండానే కనపడుతుంది. ఎరుపు గానీ చీము గానీ ఉంటే షిఫ్టు మారేటప్పుడే తెలిసిపోతుంది. 7 రోజుల దాకా ఉంచవచ్చు. గాజ్‌ను 2 రోజులకోసారి మార్చాలి. కింద ఏమవుతోందో తెలియాలంటే పైనుంచి నెమ్మదిగా నొక్కి నొప్పి అడగాలి. వెంటిలేటర్ మీదున్న మనిషి ఏం చెబుతాడు? గాజ్ చవకే, కానీ మార్చిన ప్రతిసారీ స్టెరైల్ గ్లౌజులు, క్లోర్‌హెక్సిడిన్ (చర్మం మీది క్రిములను చంపే మందు), నర్సు సమయం ఖర్చు. లైన్ కదిలే ప్రమాదం వేరే.

మామూలుగా ఫిల్మే మేలు. కానీ రక్తం ఊరుతున్నా, చెమటలు కారుతున్నా గాజే వేయాలి. చెమటకు ఫిల్మ్ అంచు లేస్తుంది, దాని కింద తడి నిలిచి చర్మం మీది క్రిములు పెరుగుతాయి. లేచిన అంచు మీద ప్లాస్టర్ ముక్క వేసి సరిపెట్టడం చాలాచోట్ల అలవాటే, చెడ్డ అలవాటు. తడిసినా, ఊడినా, మురికైనా ఎన్నో రోజన్నది చూడకుండా మొత్తం మార్చాలి. గాజ్ పెట్టి పైన ఫిల్మ్ అంటించినా అది గాజ్ కిందే లెక్క, 2 రోజులే.

ఫిల్మ్ నిలవకపోతే నాణ్యతను తిట్టే ముందు చర్మం ఆరిందా అని చూడాలి. 70% ఆల్కహాల్‌లో 2% క్లోర్‌హెక్సిడిన్‌తో 30 సెకన్లు రుద్ది, దానంతటదే ఆరనివ్వాలి. విసరకూడదు, ఊదకూడదు, గాజ్‌తో అద్దకూడదు. బెటాడిన్ అయితే 2 నిమిషాలైనా ఆగాలి. కొన్ని డయాలసిస్ కాథెటర్లకు ఆల్కహాల్ పడదు, ప్యాకెట్ మీద చూసుకోవాలి. వెంట్రుకలు అడ్డమైతే క్లిప్పర్‌తో తీయాలి. రేజర్ గీతలు క్రిములకు దారి. తల అవతలికి తిప్పించి, ఫిల్మ్‌ను సాగదీయకుండా మధ్య నుంచి అంచులకు అద్ది, తేదీ రాయాలి. సాగదీసి అంటిస్తే తల తిప్పగానే చర్మాన్ని లాగుతుంది, బొబ్బలు కూడా రావచ్చు.