రెండేళ్లు పొగిడిన అల్యూమినియం పెట్టెల గురించి

2019లో కొన్న నా రాయల్ ఎన్‌ఫీల్డ్ బైకు హిమాలయన్ 411 ఇప్పటికి 74 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజన్, సీటు ఎత్తు, టైర్ల సైజుల గురించి ఇక్కడ రాయడం లేదు, అవి అందరికీ తెలిసినవే. వెనక చెరో పక్క బిగించుకునే అల్యూమినియం పెట్టెల గురించే రాయాలనుకున్నాను. వాటి మీద నాకు కోపం ఉంది. వాటిని కొనమని ఒకప్పుడు నలుగురు స్నేహితులకు నేనే చెప్పాను, అందుకే ఆ కోపం ఇంకాస్త ఎక్కువ.

మొదటి రెండేళ్లు వాటిలో నాకు ఏ లోపమూ కనబడలేదు. హైదరాబాద్ నుంచి ఆగుంబె దాకా వానలో వెళ్లినా లోపల బట్టలు తడవలేదు. నాగపూర్ దారిలో టిఫిన్‌కు ఆగితే తాళం వేసి నిశ్చింతగా తినేవాణ్ణి. ఇప్పుడు గుర్తు చేసుకుంటే, ఆ ప్రయాణాలన్నీ తారు రోడ్డు మీదే జరిగాయి. మారేడుమిల్లి ఘాట్ ఎక్కి దిగితే చాలు, పరీక్ష అయిపోయిందనుకున్నాను.

2022 జులై చివర్లో హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకు బయల్దేరాను. మనాలి నుంచి అటల్ టన్నెల్ దాటి గ్రాంఫు చేరాక, అక్కడి నుంచి బాతల్ వరకు దాదాపు 50 కిలోమీటర్లు చంద్రా నది పక్కనే రాళ్ల మీద నడపాల్సి వచ్చింది. మొదటి గేరు, రెండో గేరు, అంతకు మించి పడలేదు. ఛత్రూ దాటిన కాసేపటికి వెనక టంగుమని చప్పుడైంది. రాయి తగిలిందనుకున్నాను. ఇంకో వంద గజాలు పోయేసరికి బండి ఎడమవైపు లాగుతోంది. దిగి చూస్తే పెట్టెను బండికి పట్టి ఉంచే ఎడమ ర్యాక్‌కు పైనున్న బోల్టు తెగిపోయింది, పెట్టె కింది బోల్టు ఒక్కదాని మీద వేలాడుతోంది. తెగిన ముక్క ఫ్రేమ్ మరలోనే ఇరుక్కుపోయింది. నా దగ్గర స్పేర్ బోల్టులు ఆరు ఉన్నాయి, బిగించడానికి మాత్రం చోటు లేదు. ఫోన్‌కు సిగ్నల్ లేదు.

బోల్టు కన్నా టైమ్ గురించే ఎక్కువ టెన్షన్ పడ్డాను. ఆ దారికి అడ్డంగా పారే వాగుల్లో ఉండేది మంచు కరిగిన నీళ్లు. పొద్దున తక్కువగా ఉంటాయి, ఎండ ఎక్కేకొద్దీ పెరుగుతాయి. అందుకే చీకటితో బయల్దేరాను. తీరా చూస్తే పదిన్నరకు దారి మధ్యలో నిలబడి ఉన్నాను.

కాసేపటికి నేను చేరాల్సిన స్పితి ఊరు కాజా వైపు నుంచి పచ్చి బఠాణీ బస్తాలతో లారీ ఒకటి వచ్చింది. నేను పక్కకు జరిగితే తప్ప అది పోలేదు. డ్రైవరూ క్లీనరూ దిగారు. డ్రైవరు బోల్టు జోలికే పోలేదు. లారీలోంచి పాత ట్యూబును రెండు వేళ్ల వెడల్పున కోసిన పట్టీలు తెచ్చాడు. మన దగ్గర పాలవాళ్లు క్యాన్లు కట్టుకునేవి అవే. పెట్టె పూర్తిగా విప్పించి, సామానంతా గోనె సంచిలో వేసి, సీటు మీద అడ్డంగా పెట్టి ఆ పట్టీలతో లాగి కట్టాడు. ఖాళీ పెట్టెను దాని మీద కట్టాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. నా దగ్గరున్న పల్లీ చిక్కీ ప్యాకెట్టు మాత్రం క్లీనర్ తీసుకున్నాడు.

ఆ తర్వాతి వాగు దగ్గరికి చేరేసరికి ఒంటిగంట అయింది. నీళ్లు ఇంజన్ కింద రక్షణగా బిగించే బ్యాష్ ప్లేటు మీదికి వస్తున్నాయి. దాటాను గానీ, అవతలి ఒడ్డున చాలాసేపు చేతుల వణుకు తగ్గలేదు. బాతల్ డాబాలో రాజ్మా అన్నం తిని, 4,551 మీటర్ల కుంజుమ్ కనుమ ఎక్కి, గుడి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, చీకటి పడేలోగా కాజా చేరాను. అంత దూరంలో ఒక్క పట్టీ కూడా జారలేదు.

కాజాలో వెల్డింగ్ చేసే ఆయన ఇరుక్కున్న ముక్కను బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. తెగిన చోట సగం తుప్పుతో నల్లబడి ఉంది, మిగతా సగం కొత్తగా మెరుస్తోంది. అంటే చీలిక అంతకు చాలా ముందే మొదలైంది. ఆ పెట్టెలు బ్రహ్మాండమని నేను అందరికీ చెబుతున్న రోజుల్లోనే ఆ బోల్టు లోపల తెగుతూ వచ్చింది. బరువంతా ఇరుసుకు వెనక, పక్కకు చాచుకుని ఉంటుంది. పెట్టె వంగదు, కదలదు, కాబట్టి ప్రతి గతుకు దెబ్బా నేరుగా బోల్టుకే చేరుతుంది. తయారుచేసిన షాపుకు ఫొటోలు పంపితే నేను ఓవర్‌లోడ్ చేశానన్నారు. చెరో పెట్టెలో 9 కిలోల సామాను పెట్టాను. ఇంట్లో తూచుకునే బయల్దేరాను.

పెట్టెలు రెండూ కాజాలో నేను బస చేసిన ఇంటివాళ్లకు ఇచ్చేసి, తిరుగు ప్రయాణం గోనె సంచితోనే చేశాను. రాళ్లలో ముందు చక్రం చెప్పిన మాట వింటోందని అప్పుడే గమనించాను. ఖాళీ పెట్టెలు, ర్యాక్ కలిపితేనే 18 కిలోలు ఉండేవి. ఇసుకలో కాళ్లు ఆనిస్తూ బండిని నెట్టుకుంటూ పోతుంటే పెట్టె అంచు పిక్కకు తగిలే భయం కూడా పోయింది.

అప్పటి నుంచి సీటు మీదుగా రెండు వైపులా వేలాడే మెత్తని వాటర్‌ప్రూఫ్ సంచులే వాడుతున్నాను. వాటితో రెండుసార్లు పడ్డాను, సంచికి గీత తప్ప ఏమీ కాలేదు. అలాగని వాటిలో లోపాలు లేవని చెప్పను. మొదటి వానాకాలంలోనే కుడి సంచి సైలెన్సర్‌కు ఆనుకుని అరచేతి మేర కాలిపోయింది. వేడి తగలకుండా రేకు పెట్టించాకే సర్దుకుంది. పట్టీలు సాగుతాయి, మొదటి రోజు వంద కిలోమీటర్లకోసారి బిగించాలి. తాళం ఉండదు. లాడ్జిలో రాత్రి దిగితే అన్నీ విప్పి పైకి మోయాలి, పొద్దున మళ్లీ కట్టాలి. దీనికే అరగంట పోతుంది.

మిగతా మార్పుల్లో బ్యాష్ ప్లేటు, ఫాగ్ లైట్లు తప్పకుండా పెట్టించుకోమంటాను. పెట్రోల్ క్యాన్ మాత్రం నాకు అవసరం పడలేదు. మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో, తాండి బంకు దగ్గర 365 కిలోమీటర్ల వరకు ఇంకో బంకు లేదని బోర్డు ఉండేది. 15 లీటర్ల ట్యాంకుతో, లీటరుకు 28 దాకా ఇచ్చే నా బండి లేహ్ వరకు ఇబ్బంది లేకుండా చేరింది.

నేను ఒంటరిగా తిరుగుతాను, సామాను తక్కువ, హోమ్‌స్టేల్లో దిగుతాను. వెనక భార్యను కూర్చోబెట్టుకుని తారు రోడ్డు మీద కన్యాకుమారి వెళ్లేవాళ్లకు పెట్టెలే నయం కావచ్చు. అలా కొన్నవాళ్లు ర్యాక్ బోల్టులను నెలకోసారైనా విప్పి చూసుకోండి, పైకి బిగువుగా కనిపిస్తే సరిపోదు. నేను చెబితే కొన్న నలుగురిలో ముగ్గురు విప్పి చూశారు. ఒకరి బోల్టుకు చీలిక కనిపించింది.

వచ్చే జూన్‌లో షింకు లా కనుమ మీదుగా లద్దాఖ్‌లోని జన్‌స్కార్ వెళ్లాలనుకుంటున్నాను. కాలిన కుడి సంచి మార్చాలి. ఎడమది ఇంకో ప్రయాణానికి వస్తుంది.