కొండ ఊరికి కాపురం మార్చేవాళ్లకి గూగుల్ ఎర్త్ ప్రో ఎంతవరకు పనికొస్తుంది

కొండల మధ్య చిన్న ఊరు చూసుకుని కుటుంబంతో వెళ్లిపోదాం అనుకునేవాళ్లు మొదట చూసేది ఫోటోలు. ఆ ఫోటోలన్నీ ఊరి మంచి రోజున తీసినవే. వాన వెలిశాక, మంచు విడిపోయాక, సాయంత్రపు ఎండ పడుతున్నప్పుడు ఏ కొండ ఊరైనా బాగానే ఉంటుంది. మనం పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకెళ్లి ఉండాల్సింది పన్నెండు నెలలూ. అందుకే ఊరిని దాని చెడ్డ నెలలో చూడాలంటాను. ఇంట్లో కూర్చునే ఆ పని చాలావరకు చేసుకోవడానికి నాకు దొరికిన మంచి సాధనం గూగుల్ ఎర్త్ ప్రో. ఉపగ్రహ చిత్రాలతో ఏ ఊరినైనా కొండల ఎత్తులతో సహా చూపించే, కంప్యూటర్‌లో వేసుకునే ప్రోగ్రామ్ ఇది, 2015 నుంచి ఉచితం. ఫోన్‌లో ఉండే యాప్ సంగతి ఇక్కడ చెప్పడం లేదు.

మేం ఐదుగురం. నేను, మా ఆయన, బడికెళ్లే ఇద్దరు పిల్లలు, ఆయాసం ఉన్న మా అత్తయ్య. మా ఇద్దరి ఉద్యోగాలూ ఇంటి నుంచే కాబట్టి ఊరు ఎంచుకునే స్వేచ్ఛ ఉంది. స్వేచ్ఛ ఎక్కువయ్యేకొద్దీ టెన్షన్ కూడా ఎక్కువే. జాబితాలో ఊళ్లు పెరుగుతూ పోతాయి గానీ ఏదీ తగ్గదు. ఈ ప్రోగ్రామ్ నాకు ఉపయోగపడింది ఊళ్లని ఎంచుకోవడానికి కాదు, కొట్టేయడానికి.

అన్నిటికన్నా ముందు ఎండ చూడండి. చాలామంది దీన్ని అసలు పట్టించుకోరు. టూల్‌బార్‌లో సూర్యుడి బొమ్మ నొక్కితే పైన ఒక స్లైడర్ వస్తుంది. దాని పక్కనున్న పానా బొమ్మతో తేదీ మార్చుకోవచ్చు. భూమధ్యరేఖకి ఉత్తరాన ఉన్న ఊరైతే డిసెంబర్ 21 పెట్టండి, దక్షిణాన ఉన్నదైతే జూన్ 21. తర్వాత మీరు అద్దెకి అనుకుంటున్న వీధిలో నేల మట్టానికి దిగి, సూర్యుడి వైపు తిరిగి, స్లైడర్‌ని మెల్లగా జరపండి. ఏ కొండ వెనక నుంచి సూర్యుడు ఎన్నింటికి బయటికొస్తాడో, ఎన్నింటికి ఇంకో కొండ చాటుకి పోతాడో కనిపిస్తుంది.

ఇది నిజమేనా అని అనుమానం ఉంటే ముందు నార్వేలోని ర్యూకన్ ఊరి మీద చేసి చూడండి. ఇరుకు లోయలో ఉన్న ఆ ఊరికి సెప్టెంబర్ చివరి నుంచి మార్చి మధ్య దాకా నేరుగా ఎండ పడదు. 2013లో కొండ మీద మూడు పెద్ద అద్దాలు పెట్టి ఊరి కూడలిలోకి ఎండని మళ్లించుకున్నారు. ఇటలీలోని విగనెల్లా గ్రామం అలాంటి అద్దాన్ని 2006లోనే పెట్టుకుంది. అద్దాలు పెట్టుకునేంత బాధ ఉందంటే ఎండ ఎంత ముఖ్యమో ఆలోచించండి. బట్టలు ఆరడానికీ, గోడలకి చెమ్మ పట్టకుండా ఉండటానికీ, రోడ్డు మీద గడ్డకట్టిన మంచు కరగడానికీ, పెద్దవాళ్లు కాసేపు బయట కూర్చోవడానికీ అన్నిటికీ అదే కావాలి.

కాగితం మీద కూడా లెక్క వేసుకోవచ్చు. 90 లోంచి ఆ ఊరి అక్షాంశం తీసేసి, ఇంకో 23.4 తీసేయండి. చలికాలంలో అతి చిన్న పగటి రోజున మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉంటాడో వస్తుంది. 45 డిగ్రీల అక్షాంశంలో అది 21.6 మాత్రమే. ఉత్తరార్ధగోళంలో అలాంటి ఊరికి దక్షిణాన కిలోమీటరు దూరంలో 400 మీటర్లు ఎత్తున్న కొండ ఉంటే చాలు, ఆ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి కూడా సూర్యుడు కనిపించడు. 30 డిగ్రీల అక్షాంశంలోనైతే అదే దూరంలో దాదాపు 750 మీటర్ల కొండ కావాలి. ఒకే ఊళ్లో నదికి అటు ఒడ్డుకీ ఇటు ఒడ్డుకీ కూడా ఈ తేడా ఉంటుంది. మేం ఒక ఊరిని ఇలా చూస్తుంటే మా ఆయన, "చూశావా, అటు ఒడ్డున అద్దెలు ఎందుకు తక్కువో ఇప్పుడు తెలిసింది," అన్నారు. ఆ ఒడ్డుని జాబితాలోంచి తీసేశాం, ఊరు మాత్రం ఉంది.

ఎత్తు సంగతి తేలిక. మౌస్ ఎక్కడ పెడితే అక్కడి ఎత్తు కింద కనిపిస్తుంది. వెయ్యి మీటర్లు పైకి పోతే సగటున 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. 2,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో సుమారు ముప్పావు వంతే. ఆయాసం ఉన్న మనిషి ఇంట్లో ఉంటే డాక్టర్‌తో మాట్లాడకుండా ఆ ఎత్తుకి వెళ్లకూడదు. అలాగని ఊరు కింద ఉంటే వెచ్చగా ఉంటుందనుకోకండి. చలికాలం రాత్రుళ్లు బరువైన చల్లగాలి జారి లోయ అడుగున చేరుతుంది, పొయ్యిల పొగ కూడా దాంతో పాటే అక్కడే నిలిచిపోతుంది. చుట్టూ కొండలున్న గిన్నెలాంటి లోయ కనిపిస్తే పొగ ఉంటుందేమో ఆ ఊరివాళ్లని అడిగి తెలుసుకోండి. మా అత్తయ్య విషయంలో నాకు ఎత్తు కన్నా ఈ పొగే ఎక్కువ భయం.

ఇక దారి. దూరాలు కొలిచే రూలర్ అనే సాధనంలో పాత్ అనే భాగం ఉంటుంది. ఇంటి నుంచి బడిదాకా దారి గీసి, సేవ్ చేసి, దాని మీద రైట్ క్లిక్ చేసి ఎలివేషన్ ప్రొఫైల్ అడిగితే ఎక్కుడుదిగుళ్లన్నీ గీత గీసి చూపిస్తుంది. వాలుని శాతంలో చెబుతుంది, డిగ్రీల్లో కాదు. వంద శాతం అంటే 45 డిగ్రీలు. సగటు వాలుని చూసి తృప్తి పడకండి, గరిష్ఠ వాలు చూడండి. సగటు తక్కువే ఉన్నా మధ్యలో ఒక్క ముక్క నిటారుగా ఉంటే, గడ్డకట్టిన మంచులో పిల్లలు రోజూ జారేది అక్కడే.

ఆసుపత్రి దారిని కూడా అలాగే గీయండి. నేరుగా కొలిస్తే పక్కనే ఉన్నట్టుండే ఆసుపత్రి, మలుపుల వెంట గీస్తే చాలా దూరం వెళ్లిపోతుంది. ఘాట్ రోడ్డు మీద గంటకి పాతిక, ముప్ఫై కిలోమీటర్లకి మించి లెక్క వేయొద్దు. ఆ దారి ఏ వాగుల్ని దాటుతుందో, ఎక్కడ నిటారు కొండ కింద నుంచి పోతుందో ఒక్కో మలుపూ చూసుకోండి. ఊళ్లోంచి బయటికి ఎన్ని దారులున్నాయన్నది నా దగ్గర పెద్ద పరీక్ష. రెండో దారి ఎత్తైన కనుమ మీదుగా పోతే, చలికాలంలో దాన్ని మూసేస్తారేమో అడగండి. మూసేస్తే దాన్ని దారిగా లెక్కపెట్టను.

టూల్‌బార్‌లో గడియారం బొమ్మ పాత ఉపగ్రహ చిత్రాలకి. ఏడాది తర్వాత ఏడాది జరుపుతూ కొండవాలు చూడండి. పచ్చదనం మధ్య తెల్లగా, మట్టిరంగులో కొత్త చారలు పుట్టాయా? నది తన దారి మార్చుకుందా? కొండవాగు లోయలోకి దిగే చోట విసనకర్రలా పరుచుకున్న మెట్ట మీద ఇళ్లున్నాయా? ఆ మెట్టని కట్టింది వాగే, రాళ్లూ బురదా తెచ్చిపోసి. చదునుగా, అందంగా ఉంటుంది కాబట్టి జనం అక్కడే ఊరు కట్టుకుంటారు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఓసో దగ్గర 2014 మార్చిలో కొండచరియ విరిగిపడి 43 మంది చనిపోయారు. అదే కొండ 2006లో కూడా జారింది. పాత మచ్చ ఉన్న వాలు కింద ఇల్లు ఎంత బాగున్నా నేను పిల్లల్ని పడుకోబెట్టలేను.

దీని హద్దులు కూడా తెలిసి ఉండాలి. ఎత్తుల సమాచారం చాలా చోట్ల 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ వ్యోమనౌక 11 రోజుల పాటు రాడార్‌తో కొలిచినదాని మీద ఆధారపడింది. సుమారు 30 మీటర్ల గళ్లలో కొలిచారు కాబట్టి ఇంటి ముందు మెట్లూ, చిన్న గట్లూ కనిపించవు. దట్టమైన అడవి ఉన్నచోట రాడార్ కొలిచింది నేలని కాదు, చెట్ల పైభాగాన్ని. చెట్ల కింద దాగిన పాత చరియల్ని పట్టుకోవాలంటే లైడార్ పటాలు, అంటే లేజర్ కిరణాలతో నేలని కొలిచి గీసినవి, కావాలి, కొన్ని దేశాల భూగర్భ సర్వే సంస్థలు వాటిని ఉచితంగానే ఇస్తున్నాయి. ఇంకో సంగతి, ఉపగ్రహ చిత్రాలకి మబ్బులేని రోజులే ఎంచుకుంటారు. అంటే ఇక్కడ కూడా ఊరి మంచి రోజే ఎక్కువగా కనిపిస్తుంది. కింద రాసి ఉండే తేదీ చూసి, వానాకాలానికీ చలికాలానికీ దగ్గర్లో ఉన్న చిత్రాలు వెతుక్కోవాలి.

నేల అడుగున ఏముందో ఇది అసలే చెప్పదు. ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్ పాత కొండచరియల శిథిలాల మీద ఉన్న ఊరని 1976లోనే ప్రభుత్వం వేసిన మిశ్రా కమిటీ చెప్పింది. 2023 జనవరిలో అక్కడ ఇళ్ల గోడలు బీటలు తీసి వందల కుటుంబాలు ఇళ్లు వదలాల్సి వచ్చింది. పైనుంచి చూస్తే అది కూడా చక్కటి కొండ ఊరే. కాబట్టి ఊరి పేరుతో ప్రభుత్వ నివేదికలేమైనా ఉన్నాయేమో వెతకడం తప్పనిసరి.

ఎండాకాలంలో కుళాయి నీళ్లు, ఇంటర్నెట్, బళ్లో టీచర్లు, కొత్తవాళ్లతో ఊరి మాటతీరు, ఇవన్నీ ఫోన్ చేసి, వెళ్లి, మనుషుల్ని అడిగి తెలుసుకోవాల్సినవే. నేనైతే బడికి ఫోన్ చేసి మా పాప చదవబోయే తరగతిలో ఎంతమంది పిల్లలున్నారో ముందు అడుగుతాను.

నాకు బాగా నచ్చిన చిన్న సౌకర్యం ఒకటుంది. చూసిన ఊళ్లన్నిటికీ పిన్‌లు పెట్టి, ప్రతి పిన్‌లో ఎందుకు వద్దనుకున్నామో రెండు ముక్కలు రాసి, మొత్తం ఫోల్డర్‌ని ఒక ఫైల్‌గా ఇంట్లోవాళ్లకి పంపొచ్చు. "ఆ ఊరేమైంది?" అని అత్తయ్య మళ్లీ అడిగితే పిన్ తెరిచి చదివి వినిపిస్తున్నాం. ఇంకా కొట్టేయని ఊళ్లకి బాగా చలిగా ఉండే నెలలో వెళ్లి, ఇల్లు అద్దెకి తీసుకుని ఉండబోతున్నాం. కొనే మాట ఆ తర్వాతే.