మైనస్ ఆరున్నర సైటుతో సముద్రం కింద: పవర్ మాస్కు వాడిన తొమ్మిదేళ్ళ అనుభవం

నేను మొదటిసారి స్కూబా డైవింగ్ (గాలి ట్యాంకు కట్టుకొని నీళ్ళ కిందికి దిగడం) చేసింది 2016 జనవరిలో, అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో. ఇప్పుడు ఆ దీవి పేరు స్వరాజ్ ద్వీప్. నర్సంపేట దగ్గర మా ఊరి వ్యవసాయ బావిలో బెండ్లు కట్టుకొని ఈత నేర్చుకున్నవాణ్ణి, నీళ్ళంటే భయం లేదు. కానీ పడవ మీద కళ్ళద్దాలు తీసి సంచిలో పెట్టగానే సగం ధైర్యం పోయింది. నాకు కుడి కన్ను మైనస్ ఆరున్నర, ఎడమ కన్ను మైనస్ ఐదు, రెండింటికీ కొంచెం సిలిండర్ పవర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేనివాళ్ళకు ఇచ్చేది) కూడా ఉంది. కింద ఇన్‌స్ట్రక్టర్ ఒక రాయి వైపు వేలు చూపించాడు. రాయి ఉందని తెలుస్తోంది, దాని మీద ఏముందో తెలియడం లేదు. పైకొచ్చాక మా ఆవిడ "ఆ నారింజ రంగు చేపలు ఎట్ల దాక్కుంటున్నయో చూసినరా?" అని అడిగింది. వరంగల్ స్టేషన్‌లో గ్రాండ్ ట్రంక్ ఎక్కి చెన్నై దాకా, అక్కణ్ణుంచి విమానంలో అంత దూరం వెళ్ళి నేను చూసింది నీలం మసక మాత్రమే. ఆ రాత్రి నిజంగా బాధపడ్డాను.

కళ్ళనూ ముక్కునూ కప్పే డైవింగ్ మాస్కును కళ్ళద్దాల మీద పెట్టుకోవడం కుదరదు. చెవుల మీదికి వచ్చే కాడలు అడ్డుపడి మాస్కు అంచు ముఖానికి అతుక్కోదు, నీళ్ళు వచ్చేస్తాయి. ఈత కొలనులో వాడే పవర్ గాగుల్స్ కూడా పనికిరావు. లోతుకు వెళ్ళేకొద్దీ మాస్కు ముఖాన్ని నొక్కుతుంది, ముక్కుతో కొంచెం గాలి లోపలికి వదిలితేనే ఆ ఒత్తిడి సర్దుకుంటుంది. గాగుల్స్‌లో ముక్కు బయటే ఉంటుంది కదా.

తిరిగొచ్చాక ఒక కళ్ళద్దాల షాపులో అడిగితే, మాస్కు లోపల పవర్ అద్దాలు అతికించి ఇస్తామన్నారు. ఈ పద్ధతి తప్పేం కాదు. అలవాటైన చోట ప్రత్యేకమైన జిగురుతో చేస్తే సిలిండర్ కూడా సరిగ్గా పడుతుంది, ఎక్కువ సైటు ఉన్నవాళ్ళకు మంచి దారే. నాకు చేసిచ్చినవాళ్ళకు మాత్రం అది కొత్త పని. రుషికొండలో రెండో డైవ్‌కే అద్దానికీ అద్దానికీ మధ్య నీళ్ళు చేరి, కుడి కన్ను ముందు గోరంత బుడగ ఒకటి అటూ ఇటూ కదలడం మొదలైంది. డబ్బులు పోయాయి, మాస్కు కూడా పోయింది.

2017లో కొన్నది ఇప్పటికీ వాడుతున్న మాస్కు. ఇందులో రెండు అద్దాలు విడివిడిగా ఉంటాయి, వాటిని తీసేసి మన పవర్ అద్దాలు బిగించుకోవచ్చు. క్రెస్సీ, టూసా, మేర్స్ లాంటి కంపెనీలు ఇలాంటివి తయారు చేస్తున్నాయి. నాది ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే నా ముఖానికి సరిపోయింది మీకు సరిపోవాలని లేదు. పట్టీ పెట్టకుండా మాస్కును ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చేతులు వదిలినా అలాగే అతుక్కొని ఉంటే అది మీది. మీసం ఉంటే ముక్కు కింద కొంచెం కత్తిరించుకోవాలి, లేకపోతే నీళ్ళు కారుతూనే ఉంటాయి.

పవర్ విషయంలో తొందరపడొద్దు. ఈ అద్దాలు అర పాయింటు తేడాతో వస్తాయి, వీటిలో సిలిండర్ ఉండదు. అందుకని సిలిండర్‌లో సగం తీసుకొని అసలు పవర్‌కు కలుపుతారు. నా కుడి కంటికి మైనస్ ఆరున్నర, సిలిండర్ మైనస్ ఒకటి, కాబట్టి మైనస్ ఏడు తీసుకున్నాను. ఎడమ కంటికి లెక్క ప్రకారం ఐదుంపావు వచ్చింది, ఐదుకు సరిపెట్టారు. మధ్యలో పడితే తక్కువ వైపుకే వెళ్ళడం మేలు. చీటీ కూడా కళ్ళద్దాలదే చూపించాలి. కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్ళ చీటీలో పవర్ తక్కువగా రాసి ఉంటుంది, మైనస్ ఆరున్నర కళ్ళద్దాలకు లెన్స్ దాదాపు మైనస్ ఆరే.

ఆ మాస్కుతో మొదటిసారి దిగినప్పుడు పగడపు రాయి మీద ఒక చిన్న రొయ్య కనిపించింది. ఒళ్ళంతా గాజులా ఉంది, మీసాలు మాత్రం తెల్లగా ఉన్నాయి, అవి కదులుతుంటే ఒక్కొక్కటీ విడిగా తెలుస్తోంది. నీళ్ళలో మాస్కు గుండా చూస్తే ఏదైనా మూడో వంతు పెద్దగా, కొంచెం దగ్గరగా కనిపిస్తుంది. చేయి చాపితే అందేలా ఉంది. నా ట్యాంకులో గాలి 50 బార్‌కు తగ్గే దాకా అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు, ఇన్‌స్ట్రక్టర్ వచ్చి పైకి రమ్మని సైగ చేయాల్సి వచ్చింది.

మా ఆవిడకు మైనస్ మూడు. తను రోజువారీ మెత్తటి లెన్సులు పెట్టుకుంటుంది, డైవ్ అయ్యాక తీసి పారేస్తుంది. కడిగి మళ్ళీ వాడే లెన్సులతో నీళ్ళలోకి దిగొద్దని కంటి డాక్టర్ గట్టిగా చెప్పారు. నీళ్ళలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి లెన్స్ కింద చేరితే కంటికే ప్రమాదం. గట్టి లెన్సులు అసలొద్దు, పైకి వచ్చేటప్పుడు వాటి కింద గాలి బుడగలు చిక్కుకొని చూపు మసకబారుతుంది. డైవింగ్ కోర్సులో మాస్కు తీసి మళ్ళీ పెట్టుకునే పరీక్ష ఉంటుంది. లెన్స్ ఉందని ఇన్‌స్ట్రక్టర్‌కు ముందే చెప్పి, అప్పుడు కళ్ళు మూసుకోవాలి. తనకు ఒక లెన్స్ అలాగే పోయింది.

సైటు తగ్గించే లాసిక్ ఆపరేషన్ నాకు కుదరదన్నారు, కార్నియా (కంటి ముందు పొర) పలుచన. చేయించుకునేవాళ్ళు మాత్రం డాక్టర్ సరేనన్నాకే దిగాలి, కనీసం ఒక నెల ఆగమని సాధారణంగా చెబుతారు.

నాకు నలభై మూడు దాటాక కొత్త చిక్కు వచ్చింది: చత్వారం. చేపలు బాగానే కనిపిస్తున్నాయి, చేతికున్న డైవ్ కంప్యూటర్ మీద అంకెలే అలుక్కుపోతున్నాయి. లోతు, గాలి ఎంతుందో చదవలేకపోతే డైవింగ్ మానుకోవాల్సిందే, ఇందులో మొహమాటం లేదు. కొందరు మాస్కు కింది భాగంలో చిన్న రీడింగ్ అద్దం అతికించుకుంటారు. నేను రెండు అద్దాలూ అర పాయింటు తగ్గించి మార్పించాను. దూరం కొంచెం మెత్తబడింది, అంకెలు తేటపడ్డాయి. ఎంత తేట నీళ్ళయినా ఎటూ మైలు దూరం కనిపించదు కదా.

ఇప్పుడు సంచిలో రెండు పెట్టెలు ఉంటాయి, మాస్కుది ఒకటి, కళ్ళద్దాలది ఒకటి. కళ్ళద్దాల పెట్టెకు తాడు కట్టి పడవ మీద కూర్చునే చోటే తగిలిస్తాను. నీళ్ళలోంచి పైకొచ్చాక అది చేతికి అందే దాకా మాస్కు తీయను.