డాలస్‌లో ఐబీ చార్టర్ హైస్కూల్: నాలుగేళ్ళు చదివించాక నా రివ్యూ

ప్రతి ఏడాది లాటరీ సీజన్ రాగానే మా ఏరియా వాట్సాప్ గ్రూపుల్లో ఇదే గోల, చార్టర్‌కి వేయాలా వద్దా, రేటింగ్ ఎంత, మనవాళ్ళు ఎంతమంది ఉన్నారు అని. ఒక్కొక్కరికి విడిగా చెప్పే ఓపిక లేక మొత్తం ఇక్కడ రాసేస్తున్నా. మావాడు డాలస్ సిటీ లోపల ఉన్న ఒక ఐబీ (ఇంటర్నేషనల్ బకలారియట్ అనే అంతర్జాతీయ సిలబస్) చార్టర్‌లో తొమ్మిది నుంచి పన్నెండు దాకా చదివాడు, ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు. మెచ్చుకోడంతో పాటు తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి స్కూల్ పేరు రాయట్లేదు, అడగొద్దు.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఒక ముక్క. చార్టర్ అంటే ప్రైవేట్ కాదు, ఫీజు కట్టేది లేదు, గవర్నమెంట్ డబ్బుతోనే నడుస్తుంది కానీ ఐఎస్‌డీ (లోకల్ స్కూల్ డిస్ట్రిక్ట్) చేతిలో ఉండదు. టెక్సాస్‌లో 1995 చట్టంతో మొదలయ్యాయి. సీట్లకన్నా అప్లికేషన్లు ఎక్కువొస్తే లాటరీ తీస్తారు, అన్నో అక్కో అక్కడే చదువుతుంటే ముందు వాళ్ళకి ఇస్తారు. వెయిట్‌లిస్ట్ నంబర్ చూసి డీలా పడిపోకండి, మాకు స్కూల్ తెరవబోయే ముందు ఆగస్టులో ఫోన్ వచ్చింది.

మొదటిసారి వెళ్ళి చూసినప్పుడు మా ఆయన మొహం మాడిపోయింది. పాత షాపింగ్ సెంటర్‌ని మార్చి కట్టిన బిల్డింగ్, జిమ్‌లోనే లంచ్, స్టేడియం మాట దేవుడెరుగు సరైన గ్రౌండే లేదు. ఐఎస్‌డీలకి లోకల్ ప్రాపర్టీ టాక్స్ వస్తుంది, బాండ్ ఎలక్షన్ (అప్పు తేవడానికి ఊరివాళ్ళ ఓటు) పెట్టుకుని పెద్దపెద్దవి కట్టుకుంటారు, చార్టర్లకి ఆ టాక్స్ రాదు, అందుకే అలా ఉంటాయి. ఫుట్‌బాల్ లేదు, మార్చింగ్ బ్యాండ్ లేదు, ఫ్రైడే నైట్ మ్యాచుల హడావిడి లేదు. సాకర్, బాస్కెట్‌బాల్, చెస్, రోబోటిక్స్ ఉన్నాయి, అంతే. లాంగ్వేజ్ అంటే స్పానిష్ ఒక్కటే. ఎలెక్టివ్స్ లిస్ట్ ఒక పేజీ కూడా నిండదు.

మరి ఉన్నదేంటి అంటే, పట్టించుకునే పెద్దవాళ్ళు. మావాడి బ్యాచ్ మొత్తం వంద లోపే, ప్రతివాడి సంగతి కౌన్సెలర్‌కి తెలుసు. పదకొండు, పన్నెండులో కాలేజ్ క్లాసు అని టైమ్‌టేబుల్లోనే ఒక పీరియడ్, ఎస్సేలు అక్కడే రాయిస్తారు, అప్లికేషన్లు అక్కడే నింపిస్తారు. మన ఫ్రిస్కో సబర్బ్‌లో ఫ్రెండ్స్ బయట కన్సల్టెంట్లకి వేలు పోసే పని ఇక్కడ ఫ్రీగా అయిపోయింది. టెక్సాస్‌లో 2022 బ్యాచ్ నుంచి గ్రాడ్యుయేట్ అవ్వాలంటే ఫాఫ్సా (కాలేజీ ఖర్చుకి ఫెడరల్ సాయం అడిగే ఫారం) గానీ టాస్ఫా (టెక్సాస్ స్టేట్ సాయం అడిగేది) గానీ నింపాలి, లేదంటే మాకొద్దు అని ఫారం మీద సంతకం పెట్టి ఇవ్వాలి. మావాడు హెచ్-4 (హెచ్-1బీ మీద పనిచేసేవాళ్ళ కుటుంబ వీసా), ఫాఫ్సా రాదు. ఇవేమీ మేము వివరించక ముందే కౌన్సెలరే పిలిచి మీ కేసులో ఇది వర్తించదు, ఇది చెయ్యండి అని కాగితం మీద రాసిచ్చింది. అలాంటి ఫ్యామిలీలు అక్కడ చాలామంది, ఆవిడకి అది రోజువారీ పని.

చదువు విషయానికొస్తే ఐబీ డిప్లొమా అంటే ఆరు సబ్జెక్టులు, అందులో మూడు హయ్యర్ లెవెల్, పైన 4000 పదాల ఎక్స్‌టెండెడ్ ఎస్సే. మావాడు బయాలజీ తీసుకుని ఉప్పునీళ్ళలో మెంతులు ఎంతవరకు మొలకెత్తుతాయి అని పెట్టుకున్నాడు, వేసవంతా నా వంటింటి కిటికీ నిండా ప్లాస్టిక్ కప్పులే, పోపుకి మెంతులు వెతుక్కోవాల్సి వచ్చేది. నేను ఇంటర్ కాలేజీలో మెటీరియల్ బట్టీ కొట్టినదాన్ని, వీడు పదిహేడేళ్ళకే నా డేటా సరిపోవట్లేదమ్మా మళ్ళీ చెయ్యాలి అంటుంటే వింతగా ఉండేది. డిప్లొమా వచ్చి పరీక్షల్లో 7కి 4 గానీ అంతకు మించి గానీ వస్తే టెక్సాస్ పబ్లిక్ యూనివర్సిటీలు కనీసం 24 క్రెడిట్ అవర్స్ ఇవ్వాలని స్టేట్ రూల్ ఉంది, అది దాదాపు రెండు సెమిస్టర్ల ఫీజు, చాలామందికి ఇది తెలీదు.

ఇప్పుడు మనవాళ్ళు అసలు అడగాల్సింది, ర్యాంక్. యూటీ ఆస్టిన్ (టెక్సాస్ స్టేట్ యూనివర్సిటీ) క్లాసు ర్యాంక్ బట్టి నేరుగా ఇచ్చే ఆటోమేటిక్ అడ్మిషన్ మావాడి టైంలో టాప్ 6 శాతం, 2026 ఫాల్ నుంచి 5 శాతం చేశారు. వంద లోపు బ్యాచ్‌లో 5 శాతం అంటే నలుగురో అయిదుగురో. ఒక్క బీ గ్రేడు పడితే ఆరేడు ర్యాంకులు కిందకి. పెద్ద స్కూల్లో తెలివైనవాళ్ళు ఎక్కువమంది ఉంటారు కాబట్టి అక్కడ కష్టం, ఇక్కడ తేలిక అని లెక్కలేసుకుని వచ్చేవాళ్ళున్నారు, అలా ఏం ఉండదు, మెరికలు ఇక్కడా ఉన్నారు, పైగా సీట్లు తక్కువ. ఇంకోటి, ఆటోమేటిక్ అంటే యూనివర్సిటీలోకే, కంప్యూటర్ సైన్స్‌లోకి కాదు. మావాడు టాప్‌లో రాలేదు, వేరే పబ్లిక్ యూనివర్సిటీలో హాయిగా చదువుకుంటున్నాడు.

పిల్లల సంగతి చెప్పాలి. మా సబర్బ్‌లో అయితే వాడి క్లాసులో సగం మంది మా అపార్ట్‌మెంట్ల వాళ్ళే, ఇంట్లో మాట్లాడే సినిమాలే అక్కడా. ఇక్కడ వాడి లంచ్ టేబుల్ దగ్గర ఒక హోండురస్ కుర్రాడు, సాయంత్రం టాకోలమ్మే తాకేరియాలో పనిచేసి రాత్రి హోంవర్క్ చేస్తాడు. ఎరిట్రియా అమ్మాయి, లెక్కల్లో మావాడికి చుక్కలు చూపించింది. ఇంకో అబ్బాయి ఇంట్లో నేపాలీ, వాళ్ళ తాతవాళ్ళని భూటాన్ నుంచి వెళ్ళగొడితే నేపాల్ క్యాంపుల్లో ఏళ్ళ తరబడి ఉండి 2008 తర్వాత అమెరికా తీసుకున్న బ్యాచుల్లో వచ్చారట. వాళ్ళమ్మా నేనూ పికప్ లైన్లో వచ్చీరాని హిందీలో కబుర్లు చెప్పుకునేవాళ్ళం. అయితే బ్రోషర్‌లో ఫోటోల్లాగా అందరూ కలిసిమెలిసి ఉంటారనుకోకండి, మొదటి ఏడాది ఎవరి టేబుల్ వాళ్ళదే. గ్రూప్ ప్రాజెక్టుల్లో టీచర్లు కావాలని విడగొట్టి కలిపేవాళ్ళు, అక్కడే స్నేహాలు కుదిరాయి. మావాడు మొదట్లో అందరికీ ల్యాప్‌టాప్, సొంత రూమ్ ఉంటాయనే అనుకునేవాడు, పదకొండో క్లాసుకొచ్చేసరికి లైబ్రరీ మూసే టైం చూసుకుని మీటింగ్ పెట్టడం నేర్చుకున్నాడు.

తిట్లకొస్తే మొదటిది టీచర్లు నిలవరు. టెక్సాస్ చార్టర్లలో చాలా సబ్జెక్టులకి డిగ్రీ ఉంటే చాలు, టీచింగ్ సర్టిఫికేట్ తప్పనిసరి కాదు, కుర్ర టీచర్లు ఉత్సాహంగా వస్తారు, రెండేళ్ళకి వెళ్ళిపోతారు. ఫిజిక్స్ ఆయన ఏడాది మధ్యలో మానేస్తే వసంతమంతా సబ్‌స్టిట్యూట్లతోనే గడిపారు, పిల్లలు ఖాన్ అకాడమీ చూసి నెట్టుకొచ్చారు, మీటింగ్‌లో గట్టిగా అడిగితే వెతుకుతున్నాం అన్న మాట తప్ప ఇంకేం లేదు. రెండోది బస్సు లేదు. పొద్దున్న ఆఫీస్ కాల్స్ కార్‌లోనే, కార్‌పూల్ దొరక్కపోతే ఉద్యోగం చేసే ఇద్దరికీ నరకం. యూనిఫాం పోలో, ఖాకీ ప్యాంటు, బెల్టు లేకపోతే డీమెరిట్, దాని గురించి ఇంట్లో జరిగిన గొడవలు రాస్తే ఇంకో పోస్ట్ అవుతుంది. లంచ్ వెజ్ వాళ్ళకి చీజ్ పిజ్జా, బీన్ బరిటో, మళ్ళీ చీజ్ పిజ్జా, డబ్బా కట్టుకోండి.

నలుగురిలో తేలిగ్గా తప్పిపోయే పిల్లాడు, చదువుతాడు కానీ చెయ్యెత్తి అడగడు, అలాంటివాడైతే కళ్ళు మూసుకుని వేసేయండి. ఆటలు, ఆర్కెస్ట్రా, పాతిక ఏపీ (కాలేజీ స్థాయి) కోర్సులు కావాలంటే ఇంటి అడ్రస్ బట్టి వచ్చే జోన్ స్కూలే మేలు. మా చిన్నదానికీ అక్కడ సీటు వచ్చింది, కానీ అది క్లారినెట్ వదలనంటోంది, అందుకని ఆగస్టు నుంచి ఐఎస్‌డీ హైస్కూల్‌కి పంపుతున్నాం, ఆ సీటు వద్దని మెయిల్ పెట్టేశాం.