గ్రాండ్ ఓల్ ఓప్రీ: ఫ్రెండ్స్‌తో వెళ్లేవాళ్లకు ఒక రివ్యూ

అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో కంట్రీ మ్యూజిక్ (అక్కడి పల్లెపాటల్లోంచి పుట్టిన సంగీతం) లైవ్‌గా వినడానికి చోట్లకేం కొదవ లేదు. కానీ వెళ్లేది నలుగురైదుగురై, అందులో ఒకరిద్దరికే కంట్రీ అంటే పిచ్చి, మిగతావాళ్లకు పెద్దగా పరిచయం లేదంటే, ముందు తీయాల్సిన టికెట్ గ్రాండ్ ఓల్ ఓప్రీది. గ్యాంగ్ మొత్తం ఒకే గాయకుడి కోసం వెళ్తుంటే మాత్రం ఆ డబ్బు ఆయన సొంత షోకి పెట్టడం మంచిది. ఎందుకో తెలియాలంటే ఓప్రీ నడిచే తీరు తెలియాలి.

ఇది అసలు రేడియో కార్యక్రమం. 1925 నవంబర్ 28న డబ్ల్యూఎస్‌ఎం స్టేషన్‌లో మొదలైంది, నేటికీ అదే స్టేషన్ 650 ఏఎంలో లైవ్‌గా వస్తోంది. రెండు గంటల షోలో ఒకరి తర్వాత ఒకరు వస్తారు. ఒక్కొక్కరికి దక్కేది రెండు మూడు పాటలు, అంటే ఓ పావుగంట. డెబ్బై దాటిన పాత తరం గాయకుడు దిగగానే మొదటిసారి ఓప్రీ ఎక్కుతున్న ఇరవై ఏళ్ల అమ్మాయి వస్తుంది. ఆ తర్వాత బ్లూగ్రాస్ (బాంజో, ఫిడేలు లాంటి తీగ వాయిద్యాలతో సాగే కంట్రీ శైలి) బృందం, ఓ గాస్పెల్ (క్రైస్తవ భక్తి) పాట, కొన్ని రోజుల్లో కమెడియన్, మధ్యలో స్క్వేర్ డ్యాన్స్, అంటే జంటలు నలుచదరంగా నిలబడి ఆడే నాట్యం. నచ్చని పాట ఉన్నా పది నిమిషాల్లో ఇంకోటి వస్తుంది కాబట్టి కొత్తవాళ్లకు విసుగు పుట్టదు. అదే, అభిమాన గాయకుడి హిట్లన్నీ వినాలని వచ్చినవాళ్లకు మూడో పాట అవగానే ఆయన చెయ్యి ఊపి వెళ్లిపోతే ఉసూరుమంటుంది. ఈ సంగతి టికెట్ కొనే ముందే గ్యాంగ్‌లో అందరికీ చెప్పేయాలి.

పాటల మధ్యలో అనౌన్సర్ మైకు ముందు నిలబడి స్పాన్సర్ల ప్రకటనలు చదువుతాడు. డబ్బులిచ్చి వచ్చింది యాడ్స్ వినడానికా అని కొందరు చిరాకు పడతారు. ఆ సమయంలో చూడాల్సింది అనౌన్సర్‌ని కాదు, అతని వెనకాల జరిగే పనిని. స్టేజీ మీది మనుషులు మైకులు మార్చి, స్టాండ్ల ఎత్తు సరిచేసి, వైర్లు పీకి కొత్తవి గుచ్చి, తర్వాతి బృందాన్ని చోటుల్లో నిలబెట్టేస్తారు. మామూలు కచేరీలో అరగంట పట్టే మార్పు ఇక్కడ ఆ ప్రకటన చదివేలోపు అయిపోతుంది.

ఇంత వేగం ఎలా కుదురుతుందంటే, చాలామందికి వాయించేది ఓప్రీ సొంత బ్యాండే. కొందరు తమ బృందాన్ని తెచ్చుకుంటారు, మిగతావాళ్లకు వీళ్లే దిక్కు. ఇక్కడ నాష్‌విల్ వాయిద్యకారుల అసలు విద్య బయటపడుతుంది. వాళ్లు కార్డులను (chords, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులను) అక్షరాలతో కాక అంకెలతో రాసుకుంటారు. 1950ల చివర్లో జోర్డనేర్స్ అనే గాయక బృందంలోని నీల్ మాథ్యూస్ జూనియర్ మొదలుపెట్టిన ఈ పద్ధతినే నాష్‌విల్ నంబర్ సిస్టమ్ అంటారు. ఆధార స్వరం మీది కార్డు 1, అక్కడి నుంచి లెక్క. పాట జి (G) శ్రుతిలో ఉంటే 1-4-5 అంటే జి, సి, డి. గాయకురాలు ఈ రోజు గొంతు బాగాలేదు, ఎఫ్‌లో పాడతానంటే కాగితం మీద ఒక్క అంకె కూడా మారదు. అవే 1-4-5 ఇప్పుడు ఎఫ్, బి ఫ్లాట్, సి అవుతాయి. శ్రుతి మార్చినా స-మ-ప వరస మారదు కదా, అదే సూత్రం. పాట మధ్యలో బ్యాండ్ లీడర్ చేతివేళ్లతో అంకె చూపిస్తే అందరూ ఒకేసారి ఆ కార్డులోకి దిగిపోతారు. గమనించి చూస్తే కనిపిస్తుంది.

ఇక పెడల్ స్టీల్ గిటార్. కంట్రీలో ఆ సాగుతూ, వంగుతూ, గొంతులాగా పలికే శబ్దం దీనిదే. బల్లలా పడుకోబెట్టిన వాయిద్యం, ఒక్కో నెక్ (తీగలు పరిచిన పట్టీ) మీద మామూలుగా 10 తీగలు. వాయించే మనిషి కూర్చుని ఎడమ చేత్తో ఇనుప కడ్డీని తీగల మీద జరుపుతాడు, కుడి చేతి వేళ్లకు పిక్స్ (తీగ మీటే తొడుగులు) తొడుక్కుని మీటుతాడు. ఎడమ పాదం కొన్ని పెడల్స్‌ని తొక్కుతుంది, మోకాళ్లు పక్కకు తోసే మీటలు వేరే ఉంటాయి. మీటిన తీగ మోగుతుండగానే వాటితో దాని స్వరం పైకో కిందికో జరుగుతుంది. కుడి పాదం వాల్యూమ్ పెడల్ మీద. మీటిన క్షణంలో వాల్యూమ్ కాస్త తగ్గించి, నాదం సన్నగిల్లుతున్నకొద్దీ పెంచుతూ పోతాడు, అందుకే మీటిన దెబ్బ వినపడకుండా స్వరం ఎక్కడి నుంచో ఊరినట్టు వస్తుంది. వీణ గమకాలు విన్న చెవికి ఇది తొందరగా పట్టుబడుతుంది.

సీట్ల ఎంపికలో నా ఓటు బాల్కనీ ముందు వరసలకు పడటానికి ఈ వాయిద్యం కూడా ఒక కారణం. స్టీల్ గిటార్ తీగలు ఆకాశం వైపు చూస్తుంటాయి. కింద ముందు వరసల్లో కూర్చుంటే గాయకుల ముఖాలు దగ్గరగా కనిపిస్తాయి గానీ ఆ చేతులు ఏం చేస్తున్నాయో కనిపించదు. పైనుంచి అయితే చేతులు, స్క్వేర్ డ్యాన్స్ జంటలు గీసే ఆకారాలు, స్టేజీ మధ్యలో ఉన్న గుండ్రటి చెక్క, అన్నీ కనిపిస్తాయి. ఆరు అడుగుల ఆ ఓక్ చెక్కను రైమన్ ఆడిటోరియం స్టేజీ నుంచి కోసి తెచ్చారు. 1943 నుంచి 1974 దాకా ఓప్రీ అక్కడే జరిగింది మరి. 2010 మేలో కంబర్‌లాండ్ నది పొంగి ఇప్పటి ఓప్రీ హాలు మునిగినా ఆ చెక్క దక్కింది, బాగుచేసి మళ్లీ అదే చోట అమర్చారు. మొదటిసారి పాడేవాళ్లు అందులోకి అడుగుపెట్టే ముందు ఒకసారి కిందికి చూసుకుంటారు, గమనించండి.

హాలులో దాదాపు 4,400 మంది పడతారు, అయినా సౌండ్ అరీనాల్లోలా చెవులు చిల్లులు పడేలా ఉండదు. మాట స్పష్టంగా వినిపిస్తుంది. కథ చెప్పే పాటలకు మాట వినపడటమే ముఖ్యం కాబట్టి ఇది చాలా పెద్ద ప్లస్. సీట్లు చర్చి బెంచీల్లాంటివి, మధ్యలో చేతులు ఆనించుకునే అడ్డం ఉండదు. నిండుగా ఉన్న రోజు భుజాలు రాసుకుంటాయి. తెలియనివాళ్ల పక్కన ఇరుక్కోవడం ఇష్టం లేనివాళ్లను గ్యాంగ్ మధ్యలో కూర్చోబెట్టండి.

టికెట్ల దగ్గర ఎక్కువ మంది బోల్తాపడేది రెండు చోట్ల. ఒకటి, వేదిక. ఓప్రీ సాధారణంగా ఓప్రీ హౌస్‌లో జరుగుతుంది, అది డౌన్‌టౌన్‌కు సుమారు పది మైళ్ల దూరంలో, ఓప్రీ మిల్స్ మాల్ పక్కన ఉంది. కానీ చలికాలంలో కొన్ని షోలు పాత ఇల్లు రైమన్‌కి మారుతుంటాయి, అదేమో డౌన్‌టౌన్ నడిబొడ్డున ఉంది. టికెట్ మీద వేదిక పేరు చదవకుండా బయల్దేరితే మొదటి ఇద్దరు గాయకులు పాడేశాక చేరతారు. షో రైమన్‌లో అయితే సీట్ల లెక్క కూడా మారుతుంది. 1892లో కట్టిన హాలు, గట్టి చెక్క బెంచీలు, బాల్కనీని మోసే స్తంభాలు కొన్ని సీట్లకు అడ్డొస్తాయి. అక్కడ టికెట్ మీద ‘స్టేజీ సరిగా కనపడదు’ అని రాసి ఉంటే ధర తక్కువని ఆశపడకండి.

రెండోది టైమ్. నాష్‌విల్ సెంట్రల్ టైమ్‌లో ఉంది. అట్లాంటా నుంచి కార్లో బయల్దేరితే నాలుగు గంటల డ్రైవ్, వెళ్లేటప్పుడు ఒక గంట కలిసొస్తుంది, తిరుగు ప్రయాణంలో ఆ గంట పోతుంది. ఆదివారం మధ్యాహ్నం ఇంటికి చేరాలనుకునేవాళ్లు ఇది లెక్కలో పెట్టుకోవాలి.

కొనడం మటుకు ఓప్రీ సొంత సైట్‌లోనే. సెర్చ్‌లో పైన కనిపించే రీసేల్ సైట్లు అచ్చం అసలు బాక్సాఫీస్‌లా కనిపిస్తూ ధర పెంచి అమ్ముతాయి. అందరి టికెట్లూ ఒకరే ఒకేసారి తీస్తే పక్కపక్కన దొరుకుతాయి. తర్వాత ఎవరిది వాళ్ల ఫోన్‌కి ముందురోజే ట్రాన్స్‌ఫర్ చేసేయాలి. అన్నీ ఒకరి ఫోన్‌లో ఉంచుకుంటే, ఆ మనిషి పార్కింగ్‌లో ఇరుక్కున్నంతసేపూ మిగతావాళ్లు గేటు బయటే. పాడేవాళ్ల పేర్లు ఒక్కసారిగా ప్రకటించరు, షో దగ్గరపడే దాకా చేరుతూనే ఉంటాయి, కాబట్టి ఫలానావాళ్లు వస్తారని ఎవరికీ మాటివ్వకండి. జాబితా తేలాక ఒక్కొక్కరివి ఒక్కో పాట అందరూ విని వస్తే షో రుచి రెట్టింపవుతుంది.

కౌబాయ్ టోపీ పెట్టుకుని వెళ్లడం సరదాయే, లోపల మాత్రం తీసి ఒళ్లో పెట్టుకోవాలి, లేకపోతే వెనక వరసకు స్టేజీ కనపడదు. కొత్త బూట్లు ఆ రోజే మొదటిసారి వేసుకోవద్దు, మడమలు ఒరుసుకుపోతాయి. నెమ్మది పాటలప్పుడు హాలంతా నిశ్శబ్దంగా వింటుంది, గుసగుసలు కూడా వినపడతాయి. కబుర్లు విరామానికి దాచుకోండి. తిండి ముందే మాల్‌లో కానిచ్చేస్తే లోపల క్యూలో పాటలు పోగొట్టుకోనక్కర్లేదు.

బ్యాక్‌స్టేజ్ టూర్ వేరే టికెట్. కంట్రీ అంటే పిచ్చి ఉన్నవాళ్లకు తప్పకుండా తీయండి, డ్రెస్సింగ్ రూములు చూసి ఆ గుండ్రటి చెక్క మీద నిలబడవచ్చు. మిగతావాళ్లకు పగటి టూర్ కాస్త సాగదీసినట్టు అనిపించవచ్చు.

షో అయ్యాక ఇంకా ఓపిక ఉంటే డౌన్‌టౌన్‌లోని లోయర్ బ్రాడ్‌వేకి వెళ్లండి. అక్కడి హాంకీటాంక్ బార్లలో, అంటే లైవ్ కంట్రీ వినిపించే బార్లలో, చాలావాటికి ప్రవేశ రుసుము ఉండదు. రాత్రివేళ చాలాచోట్ల 21 నిండినవాళ్లనే రానిస్తారు, అందరూ ఐడీ పెట్టుకోవాలి. పాత తరహా కంట్రీ కావాలంటే రాబర్ట్స్ వెస్టర్న్ వరల్డ్ మంచి ఎంపిక. బ్యాండ్‌కి ముఖ్యమైన రాబడి టిప్పులే, బకెట్ మీ దగ్గరికి వచ్చినప్పుడు వేయడానికి, పాట అడగడానికి చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి.