బ్యాగు అదే, లోపల ఫుడ్ వేరు

కొన్నాళ్ల క్రితం ఎవరైనా అడిగి ఉంటే ఈ ఫుడ్‌ని కళ్లు మూసుకుని కొనమనేవాణ్ణి. ఇప్పుడు అనలేను. కుక్కల అరుగుదలకి మంచిదని, ‘సెన్సిటివ్ డైజెషన్’ అని పెద్ద అక్షరాలు వేసి అమ్మే డ్రై ఫుడ్ ఇది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలా చేసేది వాళ్లొక్కరే అయ్యుండరని నా అనుమానం. పొట్ట సరిగ్గా లేని కుక్కల కోసమే అమ్మే ఫుడ్‌ని ఒక్క ముక్కయినా చెప్పకుండా, అదే పేరుతో, అదే రంగు బ్యాగులో మార్చేశారు. నా కోపమంతా దాని మీదే. ప్రొటీన్ ఎంత, రోజుకి ఎన్ని గ్రాములు పెట్టాలి లాంటివి బ్యాగు మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను.

ముందు మంచి చెప్పాలి. మావాడు ఏ జాతో చెప్పలేని, మధ్య వయసు, మధ్యస్థం సైజు కుక్క. చిన్నప్పటి నుంచీ వాడి పొట్టతో టెన్షనే. ఈ ఫుడ్‌కి వచ్చాక మోషన్ గట్టిపడింది. కుక్కని పెంచేవాళ్లకి ఇదెంత పెద్ద సుఖమో విడిగా చెప్పక్కర్లేదు. ఆకారం ఉండాలి, కవర్‌తో తీస్తే నేలకి అంటకుండా రావాలి, అలాగని రాయిలా ఎండిపోకూడదు. మోషన్ ఎలా ఉందో పోల్చుకోమని వెట్‌లు (పశువైద్యులు) చూపించే ఏడు మెట్ల చార్టులో ఒకటి రాయిలా గట్టి, ఏడు నీళ్లలా పల్చన, రెండో మెట్టు బాగున్నట్టు లెక్క. మావాడు అంతకుముందు నాలుగు, ఐదు దగ్గరే తిరిగేవాడు.

దానికి కారణం బీట్ పల్ప్ అని నా నమ్మకం. చక్కెర బీట్ దుంపల నుంచి చక్కెర తీసేశాక మిగిలే పిప్పి అది. చవక సరుకు, పొట్ట నింపడానికి కలుపుతారు అని చాలామంది తిడతారు. నేను తిట్టను. పెద్దపేగులోని బ్యాక్టీరియా ఈ పీచుని కొంతవరకు పులియబెడతాయి. అప్పుడు పుట్టే కొవ్వు ఆమ్లాలే పేగు గోడ కణాలకి ఆహారం. గోడ బాగుంటే నీటిని సరిగ్గా పీల్చుకుంటుంది, మోషన్ కుదురుతుంది. పూర్తిగా పులిసిపోయే పీచు ఎక్కువైతే గ్యాస్, అసలు పులియని పీచయితే బరువు మాత్రమే. ఇది రెండింటికీ మధ్యలో ఉంటుంది.

తర్వాత ఒక కొత్త బ్యాగు తెరిచాం. అదే ఫుడ్ కదా, మెల్లమెల్లగా మార్చాల్సిన అవసరం ఏముంటుంది? వారం తిరగకుండానే వాడి తీరు మారింది. పొద్దున మొదటిసారి వెళ్లినప్పుడు పర్వాలేదు, రెండోసారికి మెత్తన, మూడోసారికి జిగట. మోషన్ చుట్టూ పల్చటి జిగురు పొర. రాత్రిళ్లు తలుపు దగ్గర నిలబడి గీకడం, బయటికి తీసుకెళ్తే చాలాసేపు ముక్కి కొంచెమే వెళ్లడం. తిండి మాత్రం మామూలుగానే తింటున్నాడు, బరువు తగ్గలేదు, వాంతులు లేవు, ఆటలు మానలేదు.

వెట్ ఈ లక్షణాలు వినగానే ఇది పెద్దపేగు గొడవలా ఉందన్నారు. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు వెళ్లడం, జిగురు, ముక్కడం దాని గుర్తులట. చిన్నపేగుదైతే ఒక్కోసారి ఎక్కువ మొత్తంలో వెళ్తుంది, రోజులు గడిచేకొద్దీ కుక్క చిక్కిపోతుంది. నులిపురుగులకీ, పేగుల్లో చేరే జియార్డియా అనే సూక్ష్మ పరాన్నజీవికీ మోషన్ టెస్ట్ చేయించారు. ఏమీ లేదు. ‘ఫుడ్ మార్చారా?’ అని అడిగారు. లేదండీ, అదే పెడుతున్నాం అన్నాను. ‘అయినా సరే, బ్యాగు వెనక వైపు ఫోటో తీసి పంపండి’ అన్నారు.

పాత ఖాళీ బ్యాగులో మేం పాత పేపర్లు వేసుకుంటున్నాం కాబట్టి అది ఇంట్లోనే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ముందు వైపు తేడా కనిపెట్టలేం, బొమ్మలో ఉన్న కుక్క కూడా అదే. వెనక వైపు పదార్థాల జాబితా వేరు. ఆ జాబితాలో ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాస్తారు, అదీ వండకముందు బరువు. అందుకే 70 శాతం దాకా నీరే ఉండే పచ్చి మాంసం మొదటి స్థానంలో కూర్చుంటుంది. ఇంకో కిటుకు ఉప్పు. ఉప్పు మామూలుగా ఒక శాతానికి అటూ ఇటూ ఉంటుంది కాబట్టి, దాని తర్వాత రాసినవన్నీ చిటికెలే అనుకోవచ్చు. పాత బ్యాగులో బీట్ పల్ప్ ఉప్పుకి చాలా పైన ఉంది. కొత్తదాంట్లో అది ఉప్పు కన్నా కిందికి జారింది. దాని చోట్లోకి సెల్యులోజ్ పొడి, అంటే మొక్కల నుంచి తీసే పీచు, వచ్చింది. బఠాణీలు, బఠాణీ పిండి, బఠాణీ పీచు అంటూ ఒకే సరుకు మూడు పేర్లతో మూడు చోట్ల కనిపించింది. విడివిడిగా రాస్తే ఏదీ మొదటి స్థానానికి రాదు మరి. చికెన్ కొవ్వు కూడా కొంచెం పైకెక్కింది. ముందు వైపు బొమ్మ వేసి గొప్పగా చెప్పుకునే చికోరీ వేరు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఉప్పు కిందే ఉంది.

నన్ను నిజంగా మండించింది ఇది కాదు, పోషకాల పట్టిక. అందులో ఒక్క అంకె మారలేదు! కంపెనీకి రాస్తే వచ్చిన జవాబు కూడా అదే: మేం హామీ ఇచ్చిన విలువలు మారలేదు అని. అబద్ధం కాదు. ప్రొటీన్, కొవ్వు ‘కనీసం ఇంత’ అని, పీచు ‘గరిష్ఠంగా ఇంత’ అని రాస్తారు, కొవ్వు ఆ కనీసానికి ఎంత పైకి వెళ్లినా అంకె అలాగే ఉంటుంది. పైగా పట్టికలో ఉండే క్రూడ్ ఫైబర్ ప్రధానంగా నీటిలో కరగని పీచునే లెక్కేస్తుంది. కరిగే పీచు చాలావరకు ఆ పరీక్షలో దొరకదు, పేగులో తేలిగ్గా పులిసేది ఎక్కువగా అదే. సెల్యులోజ్ దాదాపు పులియని పీచు. అంటే మా కుక్క పేగుకి పనికొచ్చిన పీచుని తీసి పనికిరానిది పోసినా ఆ గడిలో తేడా కనబడదు. అరుగుదల కోసమే అమ్మే ఫుడ్‌లో అరుగుదల సంగతి చెప్పే అంకే లేదు. తిన్నదాంట్లో ఎంత శాతం అరుగుతుందన్నది బ్యాగు మీద లేదు, అడిగాను, చెప్పలేదు.

తప్పు కచ్చితంగా పీచుదేనా అంటే ఒట్టేసి చెప్పలేను. పెరిగిన కొవ్వుదీ కావచ్చు, వెట్ కూడా ‘కావచ్చు’ అనే అన్నారు. ఆయన చెప్పిన మోతాదులో కొన్నాళ్లు నానబెట్టిన ఇసబ్‌గోల్ పొట్టు కలిపాం. ఆ తర్వాత బీట్ పల్ప్ ఉప్పుకి పైనే ఉన్న ఇంకో కంపెనీ ఫుడ్‌కి, మొదట పావు వంతు, తర్వాత సగం, తర్వాత ముప్పావు చొప్పున పది రోజుల పాటు మార్చాం. మావాడు కుదురుకున్నాడు.

పాత ఫుడ్‌ని పొగిడినంత మాత్రాన ఘనత అంతా దానిదే అనుకోకండి. అది మొదలుపెట్టిన రోజుల్లోనే, వెట్ తిట్టాక, మా ఇంట్లో భోజనాల బల్ల కింద నుంచి వాడికి అందే ముక్కలు ఆగిపోయాయి. చిరుతిండి రోజు క్యాలరీల్లో పదో వంతు దాటకూడదంటారు, మావాడికి అది ఎప్పుడో దాటిపోయింది. ఏది ఎంత పనిచేసిందో విడదీయలేను. గ్యాస్ సమస్య ఆ ఫుడ్‌తో ఎప్పుడూ పూర్తిగా పోలేదు కూడా. పెద్ద బ్యాగు జిప్పు సగం అయ్యేసరికే పనిచేయదు. గాలి తగిలితే గింజల మీద చల్లిన కొవ్వు కంపు కొడుతుంది, కాబట్టి చిన్న బ్యాగే కొనేవాళ్లం.

మా ఎదురింటి కుక్క ఈ మారిన ఫుడ్‌నే హాయిగా తింటోంది, ఏ గొడవా లేదు. మీ కుక్క పొట్ట గట్టిదైతే ఇదంతా మీకు అతిగా అనిపించొచ్చు. పెద్దపేగు గొడవలున్న కుక్కకైతే నేను దీన్ని మొదటి ఎంపికగా చెప్పను, వెట్ చూసి సరే అంటే అప్పుడు చిన్న బ్యాగుతో మొదలుపెట్టండి. మోషన్‌లో రక్తం, వాంతులు, బరువు తగ్గడం ఉంటే ఫుడ్ మార్చి చూద్దామని ఆగకండి, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇప్పుడు పెడుతున్న ఫుడ్‌కి కూడా నేను ఇంకా స్టార్లు ఇవ్వలేదు. కొత్త బ్యాగు వచ్చినప్పుడల్లా వెనక వైపు జాబితా ఫోటో తీసి పాతదానితో పోల్చుకుంటున్నాను, పాత బ్యాగు అడుగున కొంత మిగిల్చి కొత్తదాంతో కలిపే పెడుతున్నాను.