శేషాచలం అంచున, కౌండిన్య పక్కన: సైకిళ్ల మీద నాలుగు రోజులు

డిసెంబరులో నాలుగు రోజులు సెలవు దొరికితే నేనూ మా బామ్మర్దీ గేర్ల సైకిళ్లు వేసుకుని తిరుపతి నుంచి తలకోనకు, అక్కడి నుంచి పలమనేరు వైపుకు వెళ్లొచ్చాం. బయల్దేరేటప్పుడు మా ఆశంతా శేషాచలం అడవి లోపలి బాటల మీదే ఉండేది. తిరిగొచ్చాక నా అభిప్రాయం పూర్తిగా మారింది. ఈ సీమలో సైకిల్ తొక్కడానికి మంచి దారులు అడవి లోపల లేవు, అడవికీ పొలాలకీ నడుమ ఉన్నాయి. మామిడి తోపుల వెనక బండి బాటలు, చెరువు కట్టలు, గుట్టల మొదట్లో మేకలు నడిచి నడిచి పడిన దారులు. వాటిని వెతుక్కుంటూ పోతే చాలు.

అడవి లోపలికి అనుమతి లేకుండా పోకూడదు. శేషాచలాన్ని 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు, అందులో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు ఉంది, పైగా ఇది ఎర్రచందనం పుట్టిల్లు. దుంగల దొంగలకోసం కాపలా గట్టిగా ఉంటుంది. రంగంపేట దాటాక ఒక మట్టిరోడ్డు నున్నగా, నీడగా కనిపిస్తే అటు మళ్లాం. అర కిలోమీటరు కూడా పోకముందే కాపలావాళ్లు ఆపి, ఎక్కడి నుంచి వచ్చామో అడిగి, వెనక్కి పంపారు. కోపగించుకోలేదు. ‘లోపల చిరుతలు కూడా ఉంటాయి, మాకు కనపడకుండా పోతే మీకే కష్టం’ అన్నారు. ఆ మాట సబబే అనిపించింది.

నాకు సొంత సైకిల్ ఉంది. బామ్మర్దికి తిరుపతిలో ఒక అంగడిలో అద్దెకు తీసుకున్నాం, రోజుకు 500. ముందు షాకులు, రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, చూడ్డానికి కొత్తగానే ఉంది. శ్రీనివాస మంగాపురం చేరేసరికి వెనక బ్రేకు కీచుమంటోంది. చక్రం ఊడదీసి చూస్తే బ్రేక్ ప్యాడ్ అరిగిపోయి రేకు మిగిలింది. ఘాట్ దిగాల్సిన వాళ్లకు అలాంటి సైకిల్ ఇవ్వడం చిన్న తప్పు కాదు. ఫోన్ చేస్తే గంటన్నరకు మనిషిని పంపి మార్పించారు, అది ఒప్పుకోవాలి. అద్దెకు తీసుకునేవాళ్లు డబ్బులు కట్టకముందే రెండు ప్యాడ్లూ చూడండి, గేర్లన్నీ ఒకసారి మార్చి చూడండి, ఒక పది నిమిషాలు తొక్కి చూడండి.

ఆ గంటన్నర వృథా పోలేదు. మంగాపురం నుంచి శ్రీవారి మెట్టు వైపు పోయే రోడ్డు సైకిల్‌కి హాయిగా ఉంటుంది, కొండ ఎదురుగా పెరుగుతూ వస్తుంది. చంద్రగిరి కోటలో రాజమహల్ చూశాం. కట్టడంలో కలప వాడలేదంటారు, అంతా రాయి, ఇటుక, సున్నమే. ఎండలో తొక్కి వచ్చి ఆ గోడల మధ్య నిలబడితే ఒళ్లు చల్లబడింది. అయితే కోట కన్నా నాకు దాని వెనక ఊళ్లను కలిపే మట్టిదారులే ఎక్కువ నచ్చాయి. కయ్యల గెనాల (పొలం గట్ల) పక్కనే దారి, చెనక్కాయలు పీకేసిన ఎర్రనేల, మధ్యమధ్యలో బండలు. టైర్లలో కొంచెం గాలి తగ్గిస్తే ఆ బండల మీద పట్టు బాగా దొరుకుతుంది.

భాకరాపేట ఘాట్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. మలుపులు ఇరుకు, లారీలు ఎక్కువ. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న బస్సు లోయలో పడింది ఇక్కడే. మేము వెలుతురు బాగా ఉన్నప్పుడే ఎక్కడం మొదలుపెట్టాం, ఇద్దరం ఒకరి వెనక ఒకరం, వెనక ఎర్ర లైటు వెలిగించుకుని. చీకట్లో గానీ, వాన పడుతుంటే గానీ ఈ ఘాట్‌లో సైకిల్ వద్దు. కొత్తగా తొక్కేవాళ్లయితే ఇంత దూరం ఆటోలో వేసుకుని పోయినా ఏమీ తక్కువ కాదు.

ఘాట్ దాటాక నెరబైలు దారి పట్టగానే మనసు తేలికపడింది. ఎత్తుపల్లాల రోడ్డు, ఒక పక్క మామిడి, ఇంకో పక్క అడవి. ఇక్కడే నా ముందు చక్రంలో సర్కారు తుమ్మ ముల్లు దిగింది. ట్యూబు మార్చి రెండు కిలోమీటర్లు పోయామో లేదో ఇంకొకటి. ఊళ్లో పంక్చర్ అంగడి పెద్దాయన ట్యూబు బకెట్ నీళ్లలో ముంచి, బుడగ చూసి, ప్యాచ్ వేశాడు. చేయి తిరిగిన పని. కానీ గాలి పట్టేటప్పుడు చిక్కొచ్చింది. మా సైకిల్‌కి ఉన్నది సన్న వాల్వు, ప్రెస్టా అంటారు. ఆయన కంప్రెసర్ మూతి మోటార్ సైకిల్ వాల్వుకే పడుతుంది. మా సంచిలో చిన్న ఇత్తడి అడాప్టర్ ఉండబట్టి బతికిపోయాం. దాన్ని వెలకడితే నలభై యాభై రూపాయలు, అది లేకపోతే ఆ రోజు ప్రయాణం అక్కడే ఆగేది. 60 రూపాయలు తీసుకుని, ‘యాడికి పోతా ఉండారు నాయనా ఈ ఎండలో?’ అని అడిగి, ఇంట్లో నుంచి చెంబు మజ్జిగ తెప్పించాడు. మాది ఇంకో అడాప్టర్ ఉంది, ఒకటి ఆయనకే ఇచ్చి వచ్చాం. తర్వాత వచ్చే సైకిల్ వాళ్లకు పనికొస్తుంది.

తలకోనలో రాత్రి అటవీశాఖ గదిలో ఉన్నాం. గది సాదాగా ఉంది, శుభ్రంగా ఉంది, సైకిళ్లు వరండాలో పెట్టుకోనిచ్చారు. ఫోన్ సిగ్నల్ సరిగా అందదు, ఇంట్లో వాళ్లకు ముందే చెప్పిపోతే టెన్షన్ ఉండదు. జలపాతం ఎత్తు 270 అడుగులు, రాష్ట్రంలో అన్నిటికన్నా ఎత్తయినది. ఈశాన్య రుతుపవనాల వానలు పడి వెలిసిన రోజులు కాబట్టి నీళ్లు నిండుగా ఉన్నాయి. సిద్ధేశ్వరస్వామి గుడి వరకూ సైకిల్ మీద పోయి, పైకి నడిచాం. దారిలో చెట్ల మీంచి చెట్ల మీదికి పాకిన గిల్లతీగ చూడాలి, ఒక్కో కాయ మూరకు పైనే పొడవుంటుంది. చెట్ల నడుమ తాళ్ల వంతెన కూడా ఉంది. శని, ఆదివారాలు తప్ప ఏ రోజైనా పొండి. సెలవు రోజున జనం, స్పీకర్ పాటలు, పారేసిన ప్లాస్టిక్ గ్లాసులు, వాటి వెంట కోతులు. అంత చక్కటి చోటుకు ఆ గతి పట్టడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

రెండో రాత్రి బస మాత్రం బాగోలేదు. భాకరాపేటకు ఇవతల ఒక తోటలో గదులు ఇస్తారని ఫోన్‌లో మాట్లాడుకున్నాం. రాగి సంగటి, నాటుకోడి పులుసు వండి పెడతామన్నారు, అడ్వాన్సు తీసుకున్నారు. చీకటి పడ్డాక చేరితే వంటమనిషి రాలేదు, నీళ్ల మోటారు పనిచేయడం లేదు, సైకిళ్లు బయట చెట్టుకు కట్టుకోమన్నారు. చివరికి కాపలా ఉన్న అతని భార్య మా అవస్థ చూసి తన ఇంట్లో సంగటి కెలికి, ఊరిమిండి (రోటి పచ్చడి) పెట్టింది. ఆ ఊరిమిండి రుచి ఇప్పటికీ నోట్లో ఉంది. డబ్బులు ఇస్తే తీసుకోనంది, పిలకాయల చేతిలో పెట్టి వచ్చాం.

మూడో రోజు సైకిళ్లు బొలెరోలో వేసుకుని పీలేరు, పుంగనూరు మీదుగా పలమనేరు చేరాం. 3,000 అయింది. ఖర్చే, కానీ ఆ హైవే అంతా తొక్కి సాధించేది ఏమీ లేదు. పలమనేరు బస్టాండుకు దగ్గర్లో లాడ్జి తీసుకున్నాం. గదిలో వేడినీళ్లు, సైకిళ్లకు మెట్ల కింద తాళం వేసుకునే చోటు, పొద్దున్నే ఐదున్నరకు టీ. మొత్తం యాత్రలో మనసుకు నచ్చిన బస ఇదే.

తొక్కడానికి కూడా ఇక్కడే ఎక్కువ సంతోషపడ్డాను. చిత్తూరు కంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి పొద్దున మంచు, చలి. మల్బరీ తోటలు, కట్టెలు పాతి పాకించిన టమోటా, వంక దాటగానే మిట్ట, మిట్ట దిగగానే ఇంకో వంక. కుప్పం రోడ్డులో కైగల్ ఊరి దగ్గర మళ్లితే రెండున్నర కిలోమీటర్లలో దుముకురాళ్లు జలపాతం. రాళ్లు బాగా జారతాయి, సైకిల్ బూట్లతో ఎక్కొద్దు.

కౌండిన్య అభయారణ్యం పక్కనే ఉంది. ఇక్కడ ఏనుగులు పొలాల్లో దిగుతాయి. 2025లో కర్ణాటక నుంచి తెచ్చిన కుంకీ ఏనుగుల (అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ పొందినవి) శిబిరం ముసలిమడుగులో ఉన్నది అందుకే. మేము ఒక ఊళ్లో టీ తాగుతుంటే అవ్వ ఒకామె చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది: ‘పొద్దు గుంకక ముందే ఎలబారండి నాయనా, మొన్న రాత్రి మా చెరుకులో దిగినాయి.’ సైకిల్ చప్పుడు చేయదు, మనం వస్తున్నట్టు ఏనుగుకు తెలియదు. అందుకని ఉదయం ఏడు నుంచి సాయంత్రం నాలుగు లోపలే తొక్కాం, మలుపుల దగ్గర గంట కొట్టుకుంటూ పోయాం. బామ్మర్ది ‘బావా, ఇంకొక్క మిట్ట ఎక్కి చూసొద్దాం’ అన్నా ఒప్పుకోలేదు.

నాలుగో రోజు మొగిలి ఘాట్ తొక్కుతూ దిగాలని అనుకున్నాం గానీ లారీల రద్దీ చూసి మానుకున్నాం. మళ్లీ బండిలో వేసుకుని చిత్తూరు మీదుగా తిరుపతి వచ్చి, అద్దె సైకిల్ అప్పజెప్పేటప్పుడు అంగడతనికి అరిగిన ఆ పాత ప్యాడ్ల సంగతి మరోసారి చెప్పాను. మేము నిలబడి ఉండగానే వరసలో ఉన్న మిగతా సైకిళ్ల చక్రాలు ఒక్కొక్కటే విప్పి చూడడం మొదలుపెట్టాడు.